శ్రమలో అర్థం వెతికే క్రైస్తవులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో ఒకరికి క్యాన్సరని తేలిన రోజున, బిడ్డను మట్టిలో పెట్టి వచ్చిన రాత్రి, ఎన్నో ఏళ్ల ప్రార్థనకు జవాబు రాని వయసులో వచ్చే ప్రశ్నలివి. సంఘంలో లేచి నిలబడి ఎవరూ అడగరు. కూడిక అయ్యాక గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, గొంతు తగ్గించి అడుగుతారు. వచనాల సంఖ్యలు తెలుగు బైబిలు ప్రకారం ఇచ్చాం, తెరిచి చూసుకోండి.

అసలు ఈ బాధను దేవుడే పంపాడా?

అవుననో కాదనో బైబిలు ఒక్క ముక్కలో తేల్చదు. కనీసం నాలుగు రకాల బాధలను వేరువేరుగా చూపిస్తుంది. మనిషి తాను విత్తినదాన్నే కోసుకోవడం ఒకటి (గలతీయులకు 6:7). ఎదుటివాడి దుర్మార్గం వల్ల వచ్చేది రెండోది. యోసేపును గుంటలో పడేసింది అన్నలు. విశ్వాసం కోసం పడే హింస మూడోది. నాలుగోది కారణం తెలియని బాధ. యోబు గ్రంథంలో పరలోకంలో ఏం జరిగిందో మొదటి రెండు అధ్యాయాల్లోనే మనకు తెలిసిపోతుంది. యోబుకు మాత్రం 42 అధ్యాయాలు అయిపోయినా ఎవరూ చెప్పరు.

మీది ఏ రకమో ముందు తేల్చుకోండి, ఎందుకంటే చేయాల్సిన పని దాన్నిబట్టి మారుతుంది. తాగి తాగి లివరు పాడైతే కావలసింది పశ్చాత్తాపం, దాంతోపాటు తాగుడు మాన్పించే వైద్యం. చిట్టీ డబ్బులు ఎవరో ఎగ్గొడితే కావలసింది పోలీసు ఫిర్యాదు. వరదకు ఇల్లు కూలితే కావలసింది తోటివాళ్ల చేతిసాయం. అన్నిటి మీదా "దేవుని చిత్తం" అని ఒకటే ముద్ర కొడితే మొదటివాడు మారడు, రెండోవాడికి న్యాయం జరగదు, మూడోవాడు దేవుని మీద అలిగి మందిరానికి రావడం మానేస్తాడు.

"నువ్వు ఏదో పాపం చేసుంటావు, అందుకే ఇలా అయింది" అంటున్నారు. నిజమేనా?

ఈ మాట యోబు స్నేహితులు అన్నదే. చివర్లో దేవుడు వాళ్ల మీదే కోప్పడ్డాడు: యోబు పలికినట్టు మీరు నన్ను గురించి యుక్తమైనది పలకలేదని వాళ్లలో ఒకడైన ఎలీఫజుతో నేరుగా అన్నాడు (యోబు 42:7). దేవుణ్ణి నిలదీసినవాడిది తప్పు కాలేదు, దేవుని తరఫున వకాల్తా పుచ్చుకున్నవాళ్లది తప్పయింది.

యేసు ముందుకూ ఇదే ప్రశ్న రెండుసార్లు వచ్చింది. పుట్టు గుడ్డివాణ్ణి చూపించి, ఎవరు పాపం చేశారు, వీడా వీడి కన్నవారా అని శిష్యులు అడిగితే, ఇద్దరూ కాదన్నాడు (యోహాను 9:3). సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయిన సంగతిని తానే ఎత్తి, వాళ్లు యెరూషలేములో అందరికంటే పాపాత్ములనుకుంటున్నారా అని అడిగి, కాదని తానే చెప్పాడు (లూకా 13:4-5).

మరి ఈ మాట మన సంఘాల్లో ఎందుకు వదలట్లేదు? రెండు కారణాలు కనిపిస్తాయి. ద్వితీయోపదేశకాండము 28లోని దీవెనలు, శాపాలు ఒక జనాంగంతో చేసిన నిబంధనకు చెందినవి. వాటిని తీసుకొచ్చి ఒక మనిషి మెడికల్ రిపోర్టు మీద అతికిస్తున్నారు. రెండోది, మన నోట్లో ఎప్పటినుంచో ఉన్న "ఏ జన్మలో ఏం చేశానో" అన్న మాట. బాప్తిస్మం తీసుకున్నా పలుకుబడి అంత తొందరగా మారదు. మాటలో ఉన్న లెక్క ఆలోచనలోకీ వస్తుంది.

"తరతరాల శాపం తెంచుతాం" అంటూ ప్రత్యేక ప్రార్థనకు కానుక అడిగేవాళ్లూ ఉన్నారు. నిర్గమకాండము 20:5 చూపిస్తారు. తండ్రి దోషశిక్షను కుమారుడు మోయడని తేల్చి చెప్పే యెహెజ్కేలు 18:20 చూపించరు. ప్రార్థనకు రేటు పెట్టారంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి.

నిజంగా చేసిన తప్పు గుర్తొస్తే? ఒక సాయంత్రం కూర్చుని ఎవరికి ఏం చేశారో పేరుతో సహా కాగితం మీద రాయండి. దేవుని దగ్గర ఒప్పుకోండి. దిద్దుకోగలిగింది దిద్దుకోండి, జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. ఆ కాగితం చింపేయండి. నిజమైన ఒప్పుకోలుకు పేరు, తేదీ, చిరునామా ఉంటాయి. "ఏదో చేసుంటాను" అంటూ రోజూ వెంటాడే గుబులుకు అవేవీ ఉండవు. దాన్ని పశ్చాత్తాపమని పొరబడొద్దు.

ఏడిస్తే, దేవుణ్ణి ప్రశ్నిస్తే విశ్వాసం లేనట్టేనా?

150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు మొరలు, విలాపాలు. "ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు" అని మొదలయ్యే 13వ కీర్తన మొదటి రెండు వచనాల్లోనే నాలుగు నిలదీతలు ఉన్నాయి. 88వ కీర్తన ఇంకా మొండిది. చివర్లో స్తుతి లేదు, వెలుగు లేదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని అక్కడికక్కడే ఆగిపోతుంది. దాన్ని కూడా ఆరాధన పుస్తకంలోనే ఉంచారు, గమనించండి. లాజరు సమాధి దగ్గర యేసు కన్నీళ్లు విడిచాడు, అదీ కాసేపట్లో వాడిని లేపబోతూ. సిలువ మీద ఆయన పలికిన "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి" అన్న మాట 22వ కీర్తన మొదటి వరుస.

దేవునికి వీపు తిప్పి గొణుక్కోవడం వేరు, ఆయన ముఖం మీదే అడగడం వేరు. విలాపం రెండోది.

నా సొంత విలాప ప్రార్థన ఎలా రాసుకోవాలి?

ఒక పాత నోటు పుస్తకం, ఇరవై నిమిషాలు, ఎవరూ తలుపు తట్టని గది చాలు. ముందు 13వ కీర్తన బయటికి చదవండి. ఆరే వచనాలు. తర్వాత అదే వరుసలో మీది రాయండి. మొదట పిలుపు: "ప్రభువా" అన్న ఒక్క మాటైనా సరిపోతుంది. తర్వాత ఫిర్యాదు. తర్వాత మనవి, అంటే కావలసింది సూటిగా అడగడం. ఆ తర్వాత నమ్మిక, అదీ మిగిలున్నంత వరకే.

ఎక్కువసేపు ఫిర్యాదు దగ్గరే ఉండాలి. "నాకు చాలా బాధగా ఉంది ప్రభువా" అని రాస్తే రాసినవాళ్లకే అది తగలదు. కళ్లకు కనిపించినదాన్ని రాయాలి. భర్తకు డయాలసిస్ చేయిస్తున్న ఒక ఇల్లాలు రాసుకుంటే ఇలా ఉండొచ్చు:

"ప్రభువా, సోమ, బుధ, శుక్ర ఆ మిషను పక్కన నాలుగేసి గంటలు కూర్చుంటున్నా. సూదులు గుచ్చే చోట ఆయన చెయ్యి ఉబ్బి తాడులా లేచింది. నేను అటు చూడకుండా గోడ మీద గడియారం చూస్తున్నా. నువ్వు ఎటు చూస్తున్నావు? రోజుకు లీటరు నీళ్లు కూడా తాగనివ్వరు. రాత్రి దాహమని అడిగితే నేనే కసురుతున్నా. ఆ పాపం నాకెందుకు పెట్టావు? ఈ వారం ఆయనకు ఆయాసం రాకుండా చూడు. నాకు కసరకుండా ఉండే ఓపిక ఇవ్వు. నువ్వు వింటున్నావని ఇవాళ నేను పూర్తిగా నమ్మలేకపోతున్నా, అయినా నీకే చెప్తున్నా."

చివరి వాక్యం చూడండి. ఆమె దగ్గర ఉన్న నమ్మిక అంతే, అంతే రాసింది.

ఇక్కడ పొరపాట్లు ఎక్కువగా మూడు చోట్ల జరుగుతాయి. మొదటిది, ఫిర్యాదు రెండు వరుసల్లో ముగించి స్తోత్రాలకు దూకడం. అప్పుడు లోపలున్నది లోపలే ఉండిపోయి తర్వాత ఇంట్లోవాళ్ల మీద పడుతుంది. రెండోది, గ్రాంథికంలో రాయడం. "నా మొఱ్ఱ ఆలకించుము" అని మీరు రోజూ ఎవరితోనూ మాట్లాడరు. ఆ భాష వెనక దాక్కోవడం తేలిక. మూడోది, రాసింది వాట్సాప్ గ్రూపులో పెట్టడం. పది నిమిషాల్లో నలభై "ఆమేన్"లు, రెండు ఉచిత సలహాలు వస్తాయి, మళ్లీ రాయబుద్ధి కాదు. వారానికి ఒకసారి రాయండి, తేదీ వేయండి. రెండు నెలల తర్వాత వెనక్కి తిప్పి చూస్తే ఫిర్యాదు మారిందో, మీరు మారారో కొంత తెలుస్తుంది.

ఉపవాసం ఉండి ప్రార్థించాం. స్వస్థత రాలేదు. విశ్వాసం చాలలేదా?

పౌలు తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. తీయలేదు. "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చింది (2 కొరింథీయులకు 12:9). గెత్సేమనేలో యేసు కూడా ఈ శ్రమల గిన్నె తొలగించమని మూడుసార్లు ప్రార్థించాడు, తొలగలేదు. పౌలు తన సహచరుడు త్రోఫిమును మిలేతులో రోగిగానే వదిలి వచ్చాడు (2 తిమోతికి 4:20). తిమోతికి కడుపు జబ్బు తరచుగా వచ్చేది. ద్రాక్షారసం కొంచెం పుచ్చుకోమని సలహా రాశాడు. వీళ్లలో ఎవరికి విశ్వాసం తక్కువని చెప్తాం?

యాకోబు 5:14 చెప్పే పద్ధతి సాదాసీదాగా ఉంటుంది. రోగి తానే సంఘ పెద్దలను పిలిపించుకుంటాడు, వాళ్లు ఇంటికి వచ్చి నూనె రాసి ప్రార్థిస్తారు. మైకు లేదు, స్టేజీ లేదు, కెమెరా లేదు. నుదుటి మీద ఒక చుక్క చాలు. కుట్లు, పుండ్లు ఉన్నచోట రాయొద్దు. ఆక్సిజన్ పెట్టిన మనిషి ముఖానికి నూనె తగలనివ్వొద్దు, దగ్గర కొవ్వొత్తి అసలే వద్దు. అంటుకునే ప్రమాదం ఉంటుంది.

సాక్ష్యం చెప్పడానికి తొందరెందుకు? కుష్ఠరోగులను యేసు యాజకులకు కనపరచుకొమ్మని పంపాడు, వెళ్తుండగా దారిలో వాళ్లు బాగయ్యారు (లూకా 17:14). ధర్మశాస్త్రం ప్రకారం చూసి నిర్ధారించే పని యాజకులది. ఈ రోజుల్లో ఆ పని ల్యాబ్ రిపోర్టుది. రిపోర్టు వచ్చాక చెప్పినా సాక్ష్యం బలం తగ్గదు. ముందే చెప్పించేస్తే, జబ్బు తిరగబెట్టినప్పుడు ఆ మనిషి మందిరానికే ముఖం చాటేస్తాడు.

ప్రార్థన చేయించుకున్నాక మందులు మానేయొచ్చా?

మానకూడదు. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడే (కొలొస్సయులకు 4:14).

మానేస్తే ఏమవుతుందో తెలిస్తే ఈ సలహా ఇచ్చేవాళ్లు కొంచెం జంకుతారు. మామూలు టీబీకి ఆరు నెలల కోర్సు: మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు మందులు. కొన్ని వారాలకే దగ్గు తగ్గి ఒళ్లు పట్టడం మొదలవుతుంది. సరిగ్గా అప్పుడే "బాగయింది" అని ఆపేస్తారు. మిగిలిన క్రిములు మొండిబారి మందులకు లొంగని టీబీగా తిరిగొస్తాయి, ఇంట్లోవాళ్లకూ అంటుకుంటాయి. ఫిట్స్ మాత్రలు ఒక్కసారిగా ఆపితే ఆగకుండా ఫిట్స్ రావచ్చు. ఇన్సులిన్ మీదే బతికే టైప్ 1 పిల్లలకు అది ఆపితే రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.

షుగరు ఉన్నవాళ్లు శుక్రవారం ఉపవాస ప్రార్థనకు ముందే డాక్టరుతో మాట్లాడాలి. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ లాంటివి వేసుకుని తిండి మానేస్తే షుగరు పడిపోతుంది. చెమటలు, వణుకు, తికమక కనిపిస్తే మోకాళ్ల మీదనుంచి లేచి పరీక్ష చేసుకోండి. 70 కంటే తగ్గితే ఉపవాసం అక్కడితో ఆపి, మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూసుకోవాలి. 300 దాటినా ఉపవాసం ఆపాలి. వణుకుతున్న మనిషిని చూసి "ఆత్మ దిగింది" అనుకుని స్తోత్రాలు పెంచడం ప్రాణాంతకం. టీవీ, సెల్లు, ఇష్టమైన కూర మానుకోవడం కూడా ఉపవాసమే.

బాధలో ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్తే ఏం మాట్లాడాలి? రోమా 8:28 చెప్పొచ్చా?

యోబు స్నేహితులు సరిగ్గా చేసిన పని ఒకటుంది. ఏడు రోజులు, ఏడు రాత్రులు నేల మీద అతని పక్కన కూర్చున్నారు, ఒక్కరూ నోరు మెదపలేదు (యోబు 2:13). నోరు తెరిచాకే అంతా చెడింది.

మేలు కలుగుటకై "సమస్తమును సమకూడి జరుగుచున్నవి" అన్న ఆ వచనం నిజమే. పౌలు దాన్ని సృష్టి అంతా మూలుగుతోందని, మనమూ మూలుగుతున్నామని, ఆత్మ కూడా ఉచ్చరింప శక్యం కాని మూలుగులతో మన పక్షాన వేడుకుంటున్నాడని చెప్పిన తర్వాత రాశాడు. 22 నుంచి 27 వరకు దాటేసి 28 దగ్గర దిగితే, అది ఒడ్డున కూర్చుని ఈత నేర్పడమే. ఆ వచనం బాధపడేవాళ్లు తమ నోటితో అంటే సాక్ష్యం. పరామర్శకు వచ్చినవాళ్లు మొదటి వారంలో అంటే పుండు మీద కారం.

ఆసుపత్రికి వెళ్తే పది పదిహేను నిమిషాలు చాలు. ఇద్దరికి మించి వెళ్లొద్దు. కీమో నడుస్తుంటే జలుబున్నవాళ్లు అసలు వెళ్లకూడదు. ప్రార్థన చేయనా అని అడగండి, వద్దంటే మానండి. చేస్తే రోగి చెవికి వినపడేంత గొంతుతో రెండు నిమిషాలు చేయండి. పక్క బెడ్డులో వాళ్లకూ నిద్ర కావాలి. "మా పెదనాన్నకూ ఇదే జబ్బు, మూడు నెలల్లో పోయాడు" లాంటి కథలు ఇంటి దగ్గరే వదిలేసి రండి. "ఏమైనా కావాలంటే ఫోన్ చెయ్యండి" అంటే ఎవరూ చెయ్యరు. "మంగళవారం మధ్యాహ్నం క్యారియర్ తెస్తాను, పప్పులో ఉప్పు తగ్గించమంటారా?" అని అడిగితే జవాబు వస్తుంది. మూడో నెలలో అందరూ రావడం మానేశాక వెళ్లేవాళ్ల విలువ ఆ ఇంట్లోవాళ్లకే తెలుస్తుంది.

సిలువ మోయడమంటే భర్త కొట్టినా ఓర్చుకోవడమా?

కాదు. ఈ ఒక్క విషయంలో సంఘాలు చేసిన హాని చిన్నది కాదు. "ప్రార్థన చెయ్యమ్మా, మారతాడు" అని వెనక్కి పంపిన ఇళ్లలో ఆడవాళ్లు కాళ్లూ చేతులూ విరగ్గొట్టుకున్నారు, ప్రాణాలు పోగొట్టుకున్నారు.

యేసు ఎత్తుకోమన్న సిలువ ఆయన్ని వెంబడించినందుకు వచ్చే మూల్యం. తాగొచ్చి కొట్టేవాడి చెయ్యి ఆ లెక్కలోకి రాదు. ఒక పట్టణంలో హింసిస్తే ఇంకో పట్టణానికి పారిపోమని శిష్యులకు ఆయనే చెప్పాడు (మత్తయి 10:23). పౌలును దమస్కులో చంపబోతే గంపలో కూర్చోబెట్టి గోడమీదనుంచి దింపారు. ఫిలిప్పీలో విచారణ లేకుండా కొట్టిన అధికారులను, మీరే వచ్చి బయటికి తీసుకుపోండని నిలదీశాడు. కొరడాలతో కొట్టబోతుంటే రోమా పౌరసత్వం చెప్పి ఆపించాడు. కైసరుకు అప్పీలు చేసుకున్నాడు. తప్పించుకోవడం, చట్టాన్ని పిలవడం అవిశ్వాసమైతే అపొస్తలుల కార్యములు సగం చింపేయాలి.

భార్యను సన్మానించని భర్త ప్రార్థనలకే అభ్యంతరం కలుగుతుందని 1 పేతురు 3:7 సూచిస్తుంది. ఆ వచనం మన పెళ్లి ప్రసంగాల్లో ఎంత అరుదో గమనించండి.

ఇంట్లో హింస ఉంటే మహిళల హెల్ప్‌లైన్ 181కి, ప్రాణాపాయమైతే 112కి ఫోన్ చేయండి. ప్రభుత్వం నడిపే సఖి కేంద్రాల్లో ఉచితంగా తాత్కాలిక వసతి, న్యాయ సలహా దొరుకుతాయి. 2005 గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వుతోపాటు అదే ఇంట్లో ఉండే హక్కునూ కోర్టు ఇవ్వగలదు. ఆధార్, బ్యాంకు పాసుబుక్కు, పెళ్లి సర్టిఫికెట్, పిల్లల చదువు కాగితాలు ఒక సంచిలో పెట్టి నమ్మకమైన ఇంట్లో ఉంచండి. క్షమించడం తర్వాతి సంగతి. క్షమించినా అదే ఇంటికి తిరిగి వెళ్లాలన్న నియమం లేదు.

అయితే బాధలో మంచి అంటూ ఏమీ లేదా?

శరీరానికి సంబంధించినంతవరకు ఒక జవాబు వెల్లూరులో దొరికింది. 1946లో అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల చేతులు పరీక్షించాడు. జబ్బే వేళ్లను తినేస్తుందని అప్పటిదాకా అనుకునేవారు. స్పర్శ పోవడమే అసలు కారణమని ఆయన చూపించాడు. వేడి గిన్నె పట్టుకున్నా తెలియదు, గాయమైన వేలితోనే పని చేస్తారు, రాత్రి నిద్రలో ఎలుక కొరికినా మెలకువ రాదు. అందుకే రోగులకు పిల్లుల్ని ఇచ్చి పంపారు. నొప్పి తెలియని శరీరం తనను తాను కాపాడుకోలేదన్నది అక్కడ నేర్చిన పాఠం.

దీన్ని ఎక్కడిదాకా సాగదీయాలన్నదే చిక్కు. కాలిన వేలి నొప్పికి పని ఉంది. ముదిరిన క్యాన్సరు నొప్పి కొత్తగా చెప్పేది ఏమీ లేదు. దానికి మార్ఫిన్ ఇవ్వాలి, ఇస్తే ఆత్మీయత తగ్గదు. శ్రమ ఓర్పును, ఓర్పు పరీక్షను, పరీక్ష నిరీక్షణను కలుగజేస్తుందని పౌలు రాశాడు (రోమా 5:3-4). అది ఆయన తన జీవితం గురించి చెప్పిన మాట: ఐదుసార్లు ముప్పైతొమ్మిదేసి దెబ్బలు, మూడుసార్లు బెత్తపు దెబ్బలు, ఒకసారి రాళ్లు, మూడు ఓడ ప్రమాదాలు. "శ్రమనొంది యుండుట నాకు మేలాయెను" అన్న 119వ కీర్తన మాటలో కూడా "నాకు" అని ఉంది, "నీకు" అని లేదు.

కథోలికులు బాధను "అర్పించడం" అంటారు. అంటే ఏమిటి?

క్రీస్తు పాట్లలో కొదువైన వాటిని తన శరీరంలో సంపూర్ణం చేస్తున్నానని పౌలు కొలొస్సయులకు 1:24లో అంటాడు. క్రీస్తు పని అసంపూర్తిగా మిగిలిందని దాని భావం కాదు. తన బాధను ఆయన బాధతో కలిపి, సంఘం కోసం పెట్టుకున్నాడు. 1981లో తుపాకీ గుండ్లు తగిలి బతికిన రెండో జాన్ పాల్ పోపుగారు 1984 ఫిబ్రవరి 11న ఈ వచనంతోనే మొదలుపెట్టి బాధ మీద ఒక లేఖ విడుదల చేశారు. 1993 నుంచి అదే తేదీని ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినంగా పాటిస్తున్నారు.

చేసే పద్ధతి చిన్నది. పొద్దున నొప్పి మొదలైనప్పుడు ఒక పేరు తలుచుకుని, "ప్రభువా, ఈ గంట నొప్పిని నీ సిలువతో కలిపి ఫలానా వారి కోసం ఇస్తున్నాను" అనడం. మంచం దిగలేని మనిషికి కూడా దీనివల్ల చేసే పని ఒకటి దొరుకుతుంది. మాత్ర వేసుకుని కూడా అర్పించవచ్చు, నొప్పిని దాచిపెట్టుకోనక్కర్లేదు. రోగికి గురువు నూనె రాసి ప్రార్థించే వ్యాధిగ్రస్తుల అభ్యంగనాన్ని పాతతరంవాళ్లు అవస్థ అభ్యంగనమని, చావు ముందరిదని భయపడతారు. పెద్ద ఆపరేషనుకు ముందు కూడా తీసుకోవచ్చు, జబ్బు తిరగబెడితే మళ్లీ తీసుకోవచ్చు. ప్రొటెస్టెంటు సంఘాల్లో "అర్పించడం" అన్న మాట వాడరు గానీ, మంచాన పడ్డ పెద్దమ్మలు తలగడ కింద పేర్ల జాబితా పెట్టుకుని విజ్ఞాపన చేయడం ఏ పల్లెలో చూసినా ఉంటుంది.

మా బిడ్డ చనిపోయింది. ఇందులో అర్థం ఏమిటి?

వెతకొద్దు. కనీసం ఇప్పుడు కాదు. "దేవునికి పువ్వు కావలసి వచ్చింది, కోసుకున్నాడు" అని ఎవరైనా అంటే, అది బైబిల్లో లేదని తెలుసుకోండి. మరణాన్ని బైబిలు కడపటి శత్రువంటుంది (1 కొరింథీయులకు 15:26), తోటమాలి అనదు.

ఆదరణ కూడికలో బిడ్డ పేరు పలకండి, పలకమని పాస్టరు గారికీ చెప్పండి. చాలామంది తల్లిదండ్రులకు గుచ్చుకునేది ఆ పేరు ఇక ఎవరి నోటా రాకపోవడమే. ప్రసంగం పది నిమిషాలకు మించనీయకండి. ఆ కూడికను రక్షణ సువార్త సభగా మార్చవద్దని ముందే చెప్పుకునే హక్కు మీకుంది. నవంబరు 2న సమాధుల పండుగకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తి వెలిగించే ఆనవాయితీ ఉన్న ఊళ్లలో ఆ రోజు దుఃఖానికి ఒక చోటు, ఒక తేదీ దొరుకుతాయి. గర్భంలోనే పోయిన బిడ్డకు కూడా పేరు పెట్టుకోవచ్చు.

ప్రార్థన చేయాలనే అనిపించట్లేదు. బతకాలనీ లేదు. ఇది ఆత్మీయ పతనమా?

ఏలీయా బదరీచెట్టు కింద కూర్చుని నా ప్రాణం తీసుకో అన్నాడు (1 రాజులు 19). దేవదూత అతన్ని గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ పడుకోనిచ్చి రెండోసారీ తినిపించాడు. మాటలు ఆ తర్వాతే.

రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి, ఆసక్తి పోయి ఉంటే డిప్రెషన్ కావచ్చు. దానికి చికిత్స ఉంది. చావు ఆలోచనలు వస్తుంటే రెండు వారాలు ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఆ మనిషిని ఒంటరిగా వదలొద్దు. పురుగుమందు, మాత్రలు అందకుండా తీసేయండి. దయ్యం వదిలిస్తామని కట్టేసి కొట్టే చోట్లకు తీసుకెళ్లొద్దు.

అర్థం దొరికిందని ఎలా తెలుస్తుంది?

"ఎందుకు" అన్న ప్రశ్నకు జవాబు దొరికి కాదు. యోబుకూ దొరకలేదు, దేవుడు నాలుగు అధ్యాయాలు మాట్లాడి ఒక్క కారణమూ చెప్పలేదు, అయినా చివర్లో యోబు ఇప్పుడు నేను కన్నులార నిన్ను చూచుచున్నాను అంటాడు. ఎక్కువమందిలో కనిపించే గుర్తు 2 కొరింథీయులకు 1:4లో ఉంది: తాము పొందిన ఆదరణతో ఇంకొకరిని ఆదరించగలగడం. వెల్లూరులోనే డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడిపోయింది. తర్వాత చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది. ఆపైన పునరావాస వైద్యం చదివి వచ్చి, తనలాంటివాళ్లు లేచి పనిచేసుకునేలా ఒక విభాగాన్నే నడిపింది. 1972లో పద్మశ్రీ వచ్చింది. ప్రమాదం మంచిదని దీనితో రుజువు కాదు. దాన్ని ఏం చేయవచ్చో ఆమె చేసి చూపించింది. మీకు అది ఐదేళ్లు పట్టొచ్చు, పక్కవీధిలో ఒక్క మనిషికే పనికిరావచ్చు, చాలు.

కళ్లు పెట్టి చదవలేని నొప్పిలో ఉన్నాను. ఏం చేయాలి?

చదవొద్దు. ఫోన్‌లో ఆడియో బైబిలు పెట్టించుకోండి, రోజుకు ఒక్క కీర్తన. నిద్రపట్టని రాత్రికి 77 బాగుంటుంది, నీరసానికి 6, ఒంటరితనానికి 142. అదీ కష్టమైతే ఒక్క వాక్యం: "విరిగిన హృదయముగలవారికి యెహోవా ఆసన్నుడు" (34:18). ఊపిరి పీల్చేటప్పుడు సగం, వదిలేటప్పుడు సగం. మధ్యలో నిద్రపడితే పట్టనివ్వండి. మిగతాది పక్కన కూర్చున్నవాళ్లు అంటారు.